డొంక

మా ఆయన జక్రయ్య పెండ్లైనకాన్నుంచి
ఊరు విడిచి మన్ను తవ్వుతనే ఉండె.
నారాయణపూర్ కాలువ, కొంకణ్‌ల రైలుకట్ట,
గుజరాత్‌ల ఏదో డ్యాము, పేరు మర్చిపోయిన.
పాలమూరు లేబరంటే
గడ్డపారకు మొలిచిన చేతులు.
ఎక్కడెక్కడి భూములకో నీళ్లకు తొవ్వ జేసి
అచ్చంపేటల బస్సు దిగంగనే
సీసా నీళ్లు కొనుక్కొని తాగెటోడు.

అట్లాంటోన్ని యాభై ఎనిమిదేండ్లకు
సంఘపోళ్లు అడిగిరి.
దక్షిణ సూడాన్‌ల కరువంట, కొట్లాటంట,
రాతికట్టలు పోసుడు ఎరుకైన మనిషి గావాలంట.
కూలెంత, అన్న.
కూలి లేదన్నడు. టికెటు, తిండి, దోమతెర.
నేను కుండ మీద మూత సప్పుడు జేసి పెట్టిన.

"రవ్వ బాకీ ఉందే" అన్నడు.
అంతకంటె చెప్పలే. నాకెరుకే.
ఏడేండ్ల పోరనప్పుడు, వానల్లేని యేడు,
మిషన్ కాంపౌండ్ల సత్తుగిన్నె పట్టుకొని
ఎండల లైను నిలబడ్డడు.
ఓడ మీద వచ్చిన గోధుమ రవ్వ, పాలపొడి వాసన.
ముందు నిలబడ్డ చెల్లె లైన్లనే కూలిపోయింది.
ఆమె వంతు గూడ ఈయన గిన్నెలనే పోసిండ్రట.
తిన్నడు.
ఆ సంగతి పెండ్లైన పదేండ్లకు చెప్పిండు.

ఏడు నెలలు. ఫోన్ల మాట గాలికి చిరిగిన గుడ్డ.
అక్కడ గూడ జొన్నేనంట, మనిషి మునిగేటంత ఎత్తు.
ఎద్దుల కొమ్ములు పందిరి గుంజలంత.
పశువులోళ్లకు చేనోళ్లకు పగ, నడుమ ఒక్కటే బావి.
నిరుడు బొక్కెన కాడ ముగ్గురు చచ్చిండ్రు.

మాట రాని మనిషి ఏం సంధి జేస్తడు?
సంఘపు దొరసాని మాట్లాడిందట,
పెద్దమనుషులు మాట్లాడిండ్రట, మూడు దినాలు.
నాలుగోనాడు ఈయన లేచి
చేను నడుమ నుంచి బావి దాక
అడుగులు ఏసుకుంట పోయిండు.
రెండు ఎద్దులు ఎదురుపడితే
కొమ్ములు తగలకుంట తప్పుకునేంత,
పన్నెండు అడుగులు. అటూ ఇటూ రాళ్లు పెట్టిండు.
డొంక.
మన దిక్కు ప్రతి ఊరికి ఉండెటిదే,
తాతలు విడిచిన పశువుల తొవ్వ.
దొరసాని దానికి పెద్ద పేరు పెట్టి రిపోర్టుల రాసింది.
చేనోళ్లు గొణిగిండ్రు. పశువులోళ్లు నమ్మలే.
కాని రాళ్లను మాత్రం ఎవ్వరు జరపలేదట.

ఫొటో వచ్చింది. ఆదివారం చర్చిల చూపెట్టిండ్రు.
పాస్టరు సమాధానం మీద వాక్యం చెప్పిండు.
అందరు చప్పట్లు కొట్టిండ్రు.
వెనక బెంచీల మీకయ్య కొట్టలే.
మీకయ్య ఈయన తోడబుట్టినోడు.
కొట్టకపోవుడు తప్పని నేననను.

బోరు పడ్డ యేడు, పత్తి మీద ఆశతోని,
మా చెలక అంచున ఉన్న డొంకను
ట్రాక్టరు పెట్టి కలిపి దున్నింది ఎవరు?
ఎనిమిదేండ్లాయె.
అప్పటిసంది మీకయ్య మేకలు
గుట్ట చుట్టు తిరిగి డిండి వాగుకు పోతయి.
ఫ్లోరైడు నీళ్లకు వంగిన మోకాళ్లతోని
వాటి యెంట మీకయ్య.

ఆ దినం చర్చి నుంచి వచ్చినంక ఈయన అన్నం తినలే.
నేను అడగలే.

మొన్న మృగశిరకు సాళ్లు కొడుతుంటె
గట్టు పొంట పన్నెండు అడుగులు
విత్తనం పడలే. రాళ్లు గూడ పెట్టిండు.
మీకయ్య ఇంటికి పోయిండా అంటె, లేదు.
తప్పైందన్నడా అంటె, అదీ లేదు.
సూడాన్‌కు వీసా దొరికింది గని
మూడిండ్ల అవతలికి దొరకలే.

మేకలు ఇంక గుట్ట చుట్టే పోతున్నయి.
డొంకల గరిక లేసింది, మోకాలెత్తు.
కలుపుకు పోయినప్పుడు
కొడవలి అటు దిక్కు తిప్పకుంట వస్తున్న.
నిన్న మాత్రం అంచున
రెండు కొరికిన కొసలు కండ్లబడ్డయి.
మేకదో, కుందేలుదో.
ఈయనకు చెప్పలే.